నవోదయలో తొమ్మిదో తరగతి సీటు వచ్చింది; సైన్సు మీద ఇష్టం ఉన్న అమ్మాయిని ఊరి హైస్కూలు మాన్పించి పంపవచ్చా?

ప్రశ్న: ఒక తల్లి, పత్తికొండ ప్రాంతం, కర్నూలు జిల్లా

అందరికీ నమస్కారం. మా అమ్మాయి చదువు విషయంలో జూన్ 12న బడులు తెరిచేలోగా ఒక నిర్ణయానికి రావాలి. ఇంట్లో మా ఇద్దరి మధ్యా అది తెగడం లేదు కాబట్టి, పిల్లలను ఇలాంటి బడులలో చదివించినవారు, అక్కడ పాఠాలు చెప్పినవారు ఏమంటారో తెలుసుకుందామని ఇక్కడ రాస్తున్నాను.

మాది పత్తికొండకు దగ్గరలో ఒక పల్లె. నాలుగెకరాల మెట్ట ఉంది, వేరుశనగ, టమోటా వేస్తాము. నేను అంగన్‌వాడీలో పనిచేస్తాను. అమ్మాయి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి పూర్తి చేసింది. మార్కులు బాగానే వస్తాయి కానీ, నేను రాయాలనుకున్నది మార్కుల గురించి కాదు. కిందటి ఏడాది మా వంటింట్లో బేతంచెర్ల బండల మీద చింతపండు పులుసు ఒలికింది. తుడిచాక చూస్తే ఆ మేరకు నునుపు పోయి మచ్చ పడింది. పక్కనే ఉన్న రుబ్బురోలు మీద రోజూ చింతపండు నూరుతున్నా దానికి ఏమీ కాలేదు, బండకే ఎందుకయింది అని అడిగింది. నాకు తెలియదన్నాను. మరునాడు బండ ముక్కను మేకుతో గీకి, రాలిన పొడిని గిన్నెలో వేసి నిమ్మరసం పిండింది. సన్నని నురగ లేచింది. రోలును గీకి అదే పని చేస్తే ఏమీ రాలేదు. ఆ రెండు గిన్నెలనూ మరుసటి రోజు బడికి తీసుకెళ్లి ఫిజికల్ సైన్స్ సారుకు చూపించింది. ఆయన తరగతి మొత్తానికీ దాని మీదే పాఠం చెప్పారట: బండ సున్నపురాయి, పులుపులోని ఆమ్లం దాన్ని తింటుంది, అప్పుడు కార్బన్ డయాక్సైడు బయటికి వస్తుంది, రోలు వేరే జాతి రాయి కాబట్టి దానికి ఆ బాధ లేదు అని. అప్పటి నుంచి మా ఇంట్లో కనిపించిన ప్రతి రాయి మీదా నిమ్మరసం పడుతోంది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలలో జనం వజ్రాల కోసం వెతుకుతారు కదా, ఆ వజ్రాలు వాన పడితేనే ఎందుకు కనిపిస్తాయన్నది ఇప్పుడు తన ప్రశ్న.

ఆ సారే పట్టుబట్టి రెండు పరీక్షలు రాయించారు. ఒకటి ఎన్.ఎం.ఎం.ఎస్. ఉపకార వేతనం పరీక్ష, రెండోది బనవాసి నవోదయలో (హాస్టల్లోనే ఉండి చదివే కేంద్ర ప్రభుత్వ బడి) తొమ్మిదో తరగతి ఖాళీలకు పెట్టే ప్రవేశ పరీక్ష. దేవుడి దయ వల్ల రెండింటిలోనూ ఎంపికైంది. చిక్కు అక్కడే వచ్చింది. ఎన్.ఎం.ఎం.ఎస్. కింద తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఏడాదికి 12,000 రూపాయల చొప్పున నాలుగేళ్లకు 48,000 వస్తాయి. కానీ అది ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడులలో చదివే పిల్లలకే; నవోదయ, కేంద్రీయ విద్యాలయం, గురుకులాల వంటి వాటిలో చేరితే రాదు. మా వంటి ఇంటికి అది చిన్న మొత్తం కాదు. అయితే డబ్బు కోసమే అమ్మాయిని ఇక్కడ ఆపానని రేపు తను అనుకుంటే నేను భరించలేను.

మా మండలంలోని మోడల్ స్కూలులో కూడా తొమ్మిదిలో ఒకటి రెండు ఖాళీలు ఉన్నాయంటున్నారు. అమ్మాయి నాన్నకు అది నచ్చింది, ఎందుకంటే పన్నెండు వరకు ఒకేచోట సాగుతుంది, రోజూ ఇంటికి వస్తుంది. నాకేమో ఇప్పుడున్న సారు దగ్గరే పదో తరగతి వరకు ఉంటే చాలుననిపిస్తుంది. అమ్మాయిని అడిగితే, “నవోదయలో ల్యాబ్ పెద్దదట కదమ్మా” అంటుంది, అంతకు మించి ఏమీ అనదు. సైన్సు మీద నిజమైన ఇష్టం ఉన్న పిల్లకు ఈ మూడింటిలో ఏది మేలు? బడికి వెళ్లి చూస్తే ఏమి చూడాలి, ఎవరిని ఏమి అడగాలి?

సమాధానం: విశ్రాంత ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయుడు, అనంతపురం

అమ్మా, మీ అమ్మాయి చేసిన పని చదివి చాలా సంతోషించాను. రోలుతో పోల్చి చూడడం అన్నది ఎవరూ చెప్పకుండా తోచింది చూడండి, అది ప్రయోగం చేసేవారికి ఉండవలసిన మొదటి గుణం. ఒకదాని మీద ఆమ్లం వేసి నురగ చూడడం చాలామంది పిల్లలు చేస్తారు. నురగ రాని రెండోదాన్ని పక్కన పెట్టుకుని చూసేవారు తక్కువ. నేను ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ బడులలో పాఠం చెప్పాను కాబట్టి, నాకు తెలిసినంతలో కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా పుస్తకం సంగతి. నవోదయ సి.బి.ఎస్.ఇ. కాబట్టి అక్కడ చదువు ఎక్కువ అన్న మాట మన జిల్లాలలో బలంగా ఉంది. పదేళ్ల కిందట అందులో కొంత నిజం ఉండేది. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వ బడులలో ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల లెక్కలు, సైన్సు పాఠాలు కూడా కేంద్ర సంస్థ ఎన్.సి.ఇ.ఆర్.టి. తయారుచేసిన పాఠాలే. పైగా మన పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగు ఉంటుంది. అర్థం కాని వాక్యం వచ్చినప్పుడు పక్క పేజీలోకి చూపు తిప్పుకోగలగడం పల్లె పిల్లలకు ఎంత అండగా ఉంటుందో తరగతిలో నిలబడి చూసినవాణ్ణి. కాబట్టి పుస్తకాన్ని బట్టి బడిని ఎంచుకోవలసిన అవసరం లేదు. పదో తరగతిలో మన దగ్గర భౌతిక రసాయన శాస్త్రాలకు ఒక పేపరు, జీవశాస్త్రానికి మరొక పేపరు 50 మార్కుల చొప్పున విడివిడిగా ఉంటాయి, సి.బి.ఎస్.ఇ.లో సైన్సు మొత్తం ఒకే పేపరు. ఇదొక చిన్న తేడా మాత్రమే.

తేడా అంతా ప్రయోగశాల దగ్గర, దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందన్న దగ్గర ఉంది. మీరు ఏ బడికి వెళ్లినా ప్రధానోపాధ్యాయుల గదిలో కూర్చుని మాట్లాడి వచ్చేయకండి. ల్యాబ్ చూపించమని అడగండి. ఎవరూ కాదనరు. లోపలికి వెళ్లాక గాజు సామాను అద్దాల బీరువాలో ఎంత చక్కగా అమర్చి ఉందో చూసి మెచ్చుకోవద్దు, ఎంత వాడారో చూడండి. బ్యూరెట్టు (ద్రవాన్ని కొలిచి వదిలే పొడవాటి గాజు గొట్టం) కింది మర చేత్తో తిప్పితే తిరుగుతుందా, బిగుసుకుపోయిందా? సున్నపు తేట ఉన్న సీసా కనిపిస్తే దాని మీద తెల్లని పొర కట్టి ఉందేమో గమనించండి. సున్నపు తేట గాలి తగిలితే పొర కడుతుంది, అందుకే పాఠం చెప్పేవారు ఎప్పటికప్పుడు కొత్తగా చేసుకుంటారు. నెలల తరబడి కదలని సీసా ఉందంటే, ఆమ్లాలు, క్షారాలు పాఠం ఆ బడిలో నల్లబల్ల మీదే అయిపోయిందన్నమాట. పరీక్షనాళికల అడుగున మరకలు, స్పిరిటు దీపానికి కాలిన వత్తి, బల్ల మీద ఆమ్లం పడిన గుర్తులు, ఇవన్నీ నాకు మంచి లక్షణాలుగా కనిపిస్తాయి. సామాను రిజిస్టరులో ఏడాది పొడవునా ఒక్క గాజు గొట్టం కూడా పగిలినట్టు లేకపోతే, అక్కడ పిల్లల చేతికి ఏమీ ఇవ్వడం లేదని నా అనుభవం.

ఆ తరువాత పదో తరగతి చదివే ఒక పిల్లనో పిల్లవాణ్ణో పక్కకు పిలిచి, కుంభాకార కటకం నాభ్యంతరం ఎలా కొలిచావని అడగండి. మీకు జవాబు అర్థం కాకపోయినా ఫరవాలేదు. కటకం పట్టుకుని చేసిన పిల్ల జవాబు చెప్పేటప్పుడు చేతులు కదుపుతుంది. కిటికీ ఇక్కడ ఉంది, గోడ అక్కడ ఉంది, ఇంత దూరంలో పెడితే గోడ మీద చెట్టు బొమ్మ తలకిందులుగా స్పష్టంగా పడింది అని చూపిస్తుంది. చేయని పిల్ల నిర్వచనం అప్పజెబుతుంది. ఒక బడిని అంచనా వేయడానికి నాకు ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి దొరకలేదు.

రెండో విషయం మీ ఫిజికల్ సైన్స్ సారు గురించి. అలాంటి ఉపాధ్యాయుడు ఉన్న బడిని వదలవద్దని నేను సూటిగా చెప్పేవాణ్ణి. కానీ ఒక్క మాట కనుక్కోండి. ప్రభుత్వ బడులలో ఒకేచోట ఎనిమిదేళ్లు నిండిన ఉపాధ్యాయులకు బదిలీ తప్పదు. ఆయన మీ బడికి వచ్చి ఎన్నేళ్లయింది? ఇంకా రెండేళ్లు ఉంటారంటే మీ అమ్మాయి పదో తరగతి ఆయన చేతుల మీదుగానే పూర్తవుతుంది, అప్పుడు నా ఓటు మీ ఊరి బడికే. ఉండరంటే లెక్క మారిపోతుంది. ఎందుకంటే అప్పుడు మీరు ఎంచుకుంటున్నది ఆయనను కాదు, ఆయన వెళ్లాక ఎవరు వస్తారో తెలియని ఖాళీని. ఈ సంగతి ఆయననే మొహమాటం లేకుండా అడగండి. అమ్మాయి చేత రెండు పరీక్షలు రాయించిన మనిషి అబద్ధం చెప్పరు.

ఊరి బడిలోనే ఉంటే ఒక్కటి మాత్రం వదలవద్దు. ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద ప్రతి బడి నుంచీ పిల్లల ఆలోచనలను ఆన్‌లైన్‌లో పంపవచ్చు, ఎంపికైతే నమూనా తయారు చేయడానికి 10,000 రూపాయలు పిల్లల ఖాతాలోకే వస్తాయి. మా బడి నుంచి ఒక పిల్లవాడు వేరుశనగ కాయల తేమను తూకం తేడాతో లెక్కగట్టే పద్ధతి ఒకటి పంపాడు. వాళ్ల నాన్న మండీలో తేమ పేరు చెప్పి ధర తగ్గించారని ఇంట్లో బాధపడుతుంటే విని, కాయలు ఎండక ముందు తూచి, ఎండాక తూచి, తేడాను పట్టికలో వేసుకుని తెచ్చాడు. ఆ పట్టిక చూసిన రోజు నాకు ఇంకా గుర్తుంది. మీ అమ్మాయి రాళ్ల పని కూడా అలాంటిదే. బేతంచెర్ల బండ, కడప నల్లబండ, రోలు రాయి, ఏటి గులకరాయి, ఒక్కొక్కటీ ఎంత పొడికి ఎంత నురగ ఇస్తుందో పట్టిక వేయమనండి. జనవిజ్ఞాన వేదిక వారి చెకుముకి సైన్సు పోటీలకు కూడా పంపండి.

మోడల్ స్కూలు గురించి ప్రత్యేకంగా చెప్పవలసినది లేదు. నేను పైన రాసిన పరీక్షలన్నీ అక్కడా చేసి చూడండి.

సమాధానం: ఇద్దరు పిల్లల తల్లి, ప్రొద్దుటూరు

అక్కా, నేను మా ఇంట్లో జరిగిన రెండు సంగతులు చెబుతాను, రెండూ ఒకే రకం కావు.

మా పెద్దవాడు ఆరో తరగతి నుంచి నవోదయలో చదివాడు. తిండి, బస, పుస్తకాలు, బట్టలు, దేనికీ మేము చూసుకోలేదు. తొమ్మిది నుంచి నెలకు 600 రూపాయల విద్యాలయ వికాస నిధి కడతారు కానీ, ఆడపిల్లలకు అది లేదు, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, దారిద్య్ర రేఖకు దిగువన ఉన్నవారికి కూడా లేదు. కాబట్టి మీరు ఆ 48,000ను లెక్కవేసేటప్పుడు, నాలుగేళ్ల పాటు అమ్మాయి తిండికీ బట్టకూ పుస్తకాలకూ మీ చేతి నుంచి పోయేది ఎంతో కూడా పక్కన రాసుకుని చూడండి. నష్టం మీరు అనుకున్నంత ఉండదు.

వాడికి కష్టమైనవి రెండు. ఒకటి హిందీ. తెలుగు మీడియం నుంచి వెళ్లిన పిల్లవాడు, మొదటి ఏడాది హిందీ టీచరు ఏమంటున్నదీ తెలియక కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. మీ అమ్మాయి పరీక్షలో హిందీకి కూడా 15 మార్కులు ఉండి ఉంటాయి, అది దాటింది కాబట్టి కొంత నయం, అయినా ఈ సెలవుల్లో రోజూ ఒక పేజీ చదివించండి. రెండోది వలస. నవోదయలో తొమ్మిదో తరగతి పిల్లల్లో కొందరిని ఒక ఏడాది హిందీ రాష్ట్రంలోని నవోదయకు పంపుతారు, అక్కడివారు ఇక్కడికి వస్తారు. మావాడూ వెళ్లాడు. వెళ్లేటప్పుడు నేను ఏడ్చాను, వచ్చేటప్పుడు వాడు ఏడ్చాడు, అక్కడి స్నేహితులను వదిలి రాలేక. తొమ్మిదిలోనే కొత్తగా చేరే పిల్లలను కూడా పంపుతారా అన్నది ప్రిన్సిపాల్‌ను ముందే అడిగి పెట్టుకోండి.

ఇక రెండో సంగతి. వాణ్ణి చూసి ధైర్యం వచ్చి చిన్నదాన్ని ఒక గురుకులంలో చేర్చాను. పేరున్న బడి, పేరు ఇక్కడ రాయను. తొమ్మిదో తరగతిలో ఏడాది మొత్తం ఫిజికల్ సైన్స్ పోస్టు ఖాళీ. లెక్కల టీచరే వచ్చి పాఠం చదివించి వెళ్లేవారు, పాపం ఆమె తప్పేమీ లేదు, ఆమె పని ఆమెకే సరిపోయేది. నేను చేర్చే ముందు భోజనశాల చూశాను, స్నానాల గదులు చూశాను, కాంపౌండు గోడ చూశాను. సైన్సు టీచరు ఉన్నారా అని ఒక్క మాట అడగలేదు. పదిలో కొత్త టీచరు వచ్చాక కూడా నా బిడ్డ భౌతిక శాస్త్రం అంటే వెనక్కు తగ్గేది, ఇప్పుడు కామర్సు చదువుతోంది. కామర్సు చదవడం తప్పు అనడం లేదు. కానీ చిన్నప్పుడు రేడియో విప్పి చూసిన పిల్ల అది. అందుకని సారు రాసిన ప్రశ్నలకు నాది ఒకటి చేర్చుకోండి: ఈ జూన్‌లో తొమ్మిదో తరగతికి సైన్సు ఎవరు చెబుతారో ఆ మనిషిని చూపించమనండి.

సమాధానం: ఆదోని నుంచి ఒక తండ్రి

పైన అందరూ ఎలా పంపాలన్నదే మాట్లాడుతున్నారు. పదమూడేళ్ల ఆడపిల్ల, ఇంట్లో వంటింటి బండ మీదే ప్రయోగం చేసుకుంటున్న పిల్ల. ఆ వంటింటి నుంచి దూరం చేస్తే ఆ ప్రశ్నలు వస్తాయా అన్నది నా సందేహం. నవోదయలో పదకొండో తరగతికి కూడా ఖాళీల మేరకు ప్రవేశ పరీక్ష ఉంది. అంటే ఇది ఆఖరి అవకాశం కాదు. రెండేళ్లు ఇంటి దగ్గర ఉండి, ఆ డబ్బుతో పుస్తకాలు, ఒక మంచి భూతద్దం కొనుక్కుని, పది అయ్యాక వెళ్లవచ్చు కదా.

సమాధానం: ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ పూర్వ విద్యార్థి, కడప

నేను జిల్లా పరిషత్ బడి నుంచి ఇడుపులపాయ ఆర్.కె. వ్యాలీకి వెళ్లినవాణ్ణి కాబట్టి, పది తరువాతి సంగతి రాస్తే ఇప్పటి నిర్ణయానికి ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను. ఈ ట్రిపుల్ ఐటీలను నడిపే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో మొదలైంది. పదో తరగతి మార్కుల మీదే ప్రవేశం, ప్రవేశ పరీక్ష లేదు. ఇంటర్ వంటి రెండేళ్ల పి.యు.సి., ఆపైన నాలుగేళ్ల బి.టెక్. గురుకులం కాని ప్రభుత్వ బడులలో, అంటే జిల్లా పరిషత్, మున్సిపల్ వంటి వాటిలో చదివినవారికి వెనుకబాటు కింద 4 శాతం కలుపుతారు. 600కు అది 24 మార్కులు. ఒక్క మార్కు తేడాతో సీటు తారుమారయ్యేచోట 24 మార్కులంటే ఏమిటో ఆలోచించండి. నాకు సీటు వచ్చింది దాని వల్లనే. నవోదయకు వెళ్తే ఆ అదనపు మార్కులు ఉండవు. ఈ లెక్క ఎవరూ రాయలేదు కాబట్టి రాశాను.

అయితే ఇది చెప్పి అమ్మాయిని ఊళ్లో ఆపమనడం లేదు. ట్రిపుల్ ఐటీ ఇంజనీరింగు చదువు. మీరు రాసింది చదివితే ఆ అమ్మాయి యంత్రాల వైపు కన్నా రాళ్ల వైపు, రసాయన శాస్త్రం వైపు మొగ్గుతున్నట్టు నాకు అనిపించింది. అలాంటివారికి తిరుపతిలో 2015 నుంచి ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యా, పరిశోధన సంస్థ ఉంది, అక్కడ ఐదేళ్ల బి.ఎస్.-ఎం.ఎస్. చదువు, దానికి పన్నెండు తరువాత వేరే ప్రవేశ పరీక్ష. ఆ దారిలో వెళ్లేవారికి పదో తరగతి మార్కులకు కలిపే అదనపు మార్కులతో పని లేదు, పదకొండు, పన్నెండులో ప్రయోగాలతో సహా సైన్సు బాగా చెప్పే బడి కావాలి. నవోదయలో పన్నెండు వరకు ఒకేచోట సాగుతుంది. ఊళ్లో ఉంటే పది కాగానే మళ్లీ ఈ వెతుకులాట మొదటికి వస్తుంది, ఏ.పి.ఆర్.జె.సి. (ప్రభుత్వ వసతి జూనియర్ కళాశాలల) పరీక్ష రాయాలి, అమ్మాయిలకు బనవాసిలోనే ఆ కళాశాల కూడా ఉంది, లేదంటే ప్రభుత్వ జూనియర్ కళాశాల. మన దగ్గర చాలామంది ఈ దశలోనే భయపడి, అప్పు చేసి ప్రైవేటు కళాశాలల హాస్టళ్లలో వేస్తారు. అక్కడ పిల్ల రాయిని గీకడానికి ఐదు నిమిషాలు కూడా దొరకవు.

ఆదోని అన్న అన్న మాటకు ఒక జవాబు. హాస్టలుకు వెళ్తే ప్రశ్నలు ఆగిపోతాయని నేను అనుకోను. మా గదిలో ఏడుగురం ఉండేవాళ్లం. రాత్రి భోజనాలయ్యాక ఒకడు అడిగిన ప్రశ్నకు మిగతా ఆరుగురం పన్నెండు దాకా కొట్లాడేవాళ్లం. ఊళ్లో నాకు ఆ తోడు లేదు. నా ఈడు వారిలో అలాంటి ప్రశ్నలు అడిగేది నేనొక్కడినే, నాలుగుసార్లు అడిగితే నవ్వేవారు, ఐదోసారి నేనే మానుకున్నాను.

ప్రశ్న అడిగిన తల్లి మళ్లీ రాసినది

అందరికీ చేతులెత్తి నమస్కారం. మీరు చెప్పినట్టే అన్నీ తిరిగి చూశాము, పది రోజులు పట్టింది.

ముందు మా బడికి వెళ్లాను. సారు దగ్గర మొహమాటం లేకుండా అడిగాను. వచ్చే విద్యా సంవత్సరంతో ఆయనకు ఇక్కడ ఎనిమిదేళ్లు నిండుతాయి. అంటే తొమ్మిది వరకు ఉంటారు, పదికి ఉండరు. “అమ్మా, నేను ఉన్నానని ఆపుకుంటే పదో తరగతిలో మీరు నన్ను తిట్టుకుంటారు, పంపండి” అని ఆయనే అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన అమ్మాయి వైపు చూడలేదు. మా ల్యాబ్ చిన్న గది. కానీ అనంతపురం మాస్టారు చెప్పిన గుర్తులన్నీ ఉన్నాయి, బల్ల నిండా మరకలే.

మోడల్ స్కూలులో సైన్సు టీచర్లు ఉన్నారు, పిల్లలు చక్కగా మాట్లాడారు. తొమ్మిదిలో ఉన్న ఒక్క ఖాళీ మేము వెళ్లేసరికి నిండిపోయింది, కాబట్టి ఆ మాట అంతటితో ముగిసింది.

తరువాత ఆదోని మీదుగా బనవాసికి ముగ్గురమూ వెళ్లాము. సైన్సు టీచర్లను చూపించమని అడిగాను, చూపించారు. ల్యాబ్‌లో అమ్మాయి నా చెయ్యి వదిలేసి బీరువాల వెంట నడుచుకుంటూ వెళ్లిపోయింది. సెలవులైనా పని మీద వచ్చిన ఒక పదో తరగతి పిల్ల కనిపిస్తే కటకం ప్రశ్న నేనే అడిగాను. ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, కుడి అరచేతిని గోడలా నిలబెట్టి, ఎడమ చేతి రెండు వేళ్ల మధ్య ఏదో పట్టుకున్నట్టు ముందుకూ వెనక్కూ జరుపుతూ చెప్పడం మొదలుపెట్టింది. నాకు జవాబు సగమే అర్థమయింది కానీ, అమ్మాయి నాన్న నన్ను చూసి తల ఊపారు. బస్సులో తిరిగి వస్తూ ఆయనే చెప్పారు, పంపుదామని.

ఉపకార వేతనం వద్దనుకున్నాము. ప్రొద్దుటూరు చెల్లెలు రాసినట్టు కాగితం మీద రెండు వైపులా వేసి చూస్తే మాకు నష్టం కనిపించలేదు. 24 మార్కుల మాట అమ్మాయికి చదివి వినిపించాను. ఆలోచించి, తనకు రాళ్ల చదువు కావాలంది. వలస విషయం ప్రిన్సిపాల్‌ను అడిగాను, ఆ సమయం వచ్చినప్పుడు మమ్మల్ని పిలిచి మాట్లాడతామన్నారు. ఆదోని అన్నగారి భయం నాకు ఇప్పటికీ ఉంది. అందుకే మా ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి వచ్చాను. దసరా సెలవులలోగా అక్కడ ఉండలేకపోతే తిరిగి మా బడిలోనే చేర్చుకుంటామని మాట ఇచ్చారు. అది అమ్మాయికి కూడా చెప్పాను.

ఇప్పుడు టీ.సీ., నివాస ధ్రువపత్రం, వైద్య పరీక్ష కాగితాలు సిద్ధం చేస్తున్నాము. మాస్టారు చెప్పిన పట్టిక మాత్రం మొదలయింది. నాలుగు రాళ్లు అయ్యాయి, కడప నల్లబండ కూడా నురగ ఇచ్చింది, అయితే బేతంచెర్ల బండ కన్నా తక్కువ. ఎందుకు తక్కువో అమ్మాయి మాస్టారిని అడగమంటోంది. పొడి రెండింటికీ ఒకే చెంచాతో కొలిచిందట, నిమ్మకాయ మాత్రం వేరే వేరే కాయలట. తప్పు అక్కడ జరిగిందా సార్, లేక రాయిలోనే తేడా ఉందా?